అమ్మకి చెప్పకు

మా బావని సైటులో అందరూ ఒంటె అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఆయన టవర్ క్రేన్ నడుపుతాడు. నేల మీది నుంచి క్యాబిన్ దాకా నూట తొంభై ఆరు మెట్లు. అవీ ఇంట్లో ఉండేలాంటి మెట్లు కావు, నిట్టనిలువు ఇనుప నిచ్చెనలు. పొద్దున ఏడింటికి ఎక్కాడంటే మళ్లీ దిగేది సాయంత్రం ఐదింటికే. భోజనం కూడా పైనే. పైన కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, చుట్టూ అద్దాలున్నాయి. లేనిదల్లా మరుగుదొడ్డి ఒక్కటే.

అందుకని క్రేను ఎక్కేవాళ్లందరికీ ఒక అలవాటు ఉంటుంది. ఎక్కబోయే ముందు నీళ్లు తాగరు. పైన ఉన్నంతసేపూ గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా తాగరు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు లీవర్లు చూపించకముందే ఈ సంగతి చెబుతాడు. కొందరు వెంట ఒక ఖాళీ సీసా పట్టుకెళతారు. మా బావకి అది కూడా నామోషీ. పన్నెండేళ్లలో డ్యూటీ మధ్యలో ఒక్కసారి కిందికి దిగలేదు. ఆ పేరు అలా వచ్చింది, దాన్ని ఆయన ఎవరో సభలో శాలువా కప్పి ఇచ్చిన బిరుదులా మోశాడు.

నేను అదే క్రేను కింద సిగ్నల్‌మ్యాన్‌ని. ఆయనకి పైనుంచి కనపడని చోట నా కళ్లే ఆయన కళ్లు. వాకీటాకీలో ఎత్తు, దించు, కుడికి, ఆపు అని రోజంతా అరుస్తుంటాను. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, ఆ సంగతి వారానికి రెండుసార్లయినా గుర్తుచేస్తాడు. మా అక్కని ఇచ్చాం, అంతకంటే ఏం కావాలి అని నేను దెప్పుతాను. నాకు ఎత్తంటే ప్రాణం పోతుంది. స్టూలు ఎక్కి బల్బు మార్చడానికి కూడా అక్కనే పిలుస్తాను. అందుకే కింద ఉన్నాను, ఆయన పైన ఉన్నాడు, ఇద్దరికీ బాగానే జరిగిపోయింది. ఆ చువ్వల కట్ట ఊగే దాకా.

ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నర అయి ఉంటుంది. రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట ఐదో అంతస్తుకి లేస్తోంది. నేను "మెల్లగా, మెల్లగా, ఆపు" అన్నాను. ఆగలేదు. పైన లీవరు దగ్గర చెయ్యి ఇంత కదిలితే కింద తాడు చివర అది నాలుగు గజాలవుతుంది. కట్ట గిర్రున తిరిగి నా మీదికి వచ్చింది. కూలబడ్డాను కాబట్టి సరిపోయింది, నా హెల్మెట్ మీదుగా గాలి కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. వాకీటాకీ ఛానెల్లో సైటంతా విన్నారు, కావాలంటే వాళ్లనడగండి.

 పైనుంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినపడింది. "చెయ్యి జారిందిరా."

పన్నెండేళ్లలో ఆయన చెయ్యి జారలేదు.  ఆ సాయంత్రం దిగాక ముఖాముఖి అడిగాను. నిద్ర చాల్లేదన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. నిచ్చెన దిగిన మనిషి ఒక కాలు కాస్త ఈడుస్తూ నడవడం చూసి కూడా, పట్టించుకోని వెధవని నేనే.

ఆ ఆదివారం అక్కావాళ్ల ఇంటికి వెళ్లాను. మాకూ వాళ్లకీ మధ్య రెండు వీధులే. అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. బావ వాళ్లమ్మ, మా అత్తయ్య, బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. అక్క గొంతు తగ్గించి అంది.

"ఒరేయ్, మీ బావ బట్టలు ఆయనే ఉతుక్కుంటున్నారు."

"సంతోషించక ఏడుస్తావేంటి?"

"పెళ్లయి పదిహేనేళ్లు. ఒక్క చేతిరుమాలు ఉతికిన పాపాన పోలేదు. ఇప్పుడు తెల్లారగానే బాత్‌రూంలో తలుపేసుకుని అరగంట కుళాయి తిప్పుతారు. బయటికొచ్చేటప్పటికి చేతిలో తడిబట్టలు. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలు కతికి లేచిపోతారు. అడిగితే పొట్ట తగ్గిస్తున్నానంటారు. ఎవత్తయినా ఉందేమో కనుక్కోరా."

నాకు నవ్వు ఆగలేదు. "ఆ మొహానికా? ఉంటే ఆవిడకి దండేసి దణ్ణం పెడతాను."

అక్క కూడా నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. ఒలుస్తున్న చిక్కుళ్లు అలాగే వదిలేసి, బల్ల పట్టుకుని లేచి, తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. మోకాళ్ల నొప్పులనుకున్నాను.

తర్వాత నాలుగో రోజున బడి అయిపోయాక మా మేనకోడలు మా గుమ్మంలో నిలబడింది. పన్నెండేళ్ల పిల్ల. వస్తే గలగలా మాట్లాడుతూ నేరుగా లోపలికొచ్చేస్తుంది. ఆ రోజు గుమ్మం దాటలేదు. సంచీ పట్టీ నలుపుతూ నిలబడింది.

"మామయ్యా, నీకో మాట చెప్పాలి. ఎవరికీ చెప్పకూడదు."

"అయితే నాకెందుకు చెప్తున్నావు?"

"నాన్న అమ్మకి చెప్పొద్దన్నాడు. నీకు చెప్పొద్దనలేదు."

ఆ పొద్దున బాత్‌రూం గడియ సరిగ్గా పడలేదట. ఎవరూ లేరనుకుని ఇది తోసుకుని వెళ్లింది. వాళ్ల నాన్న లుంగీ బిగించుకుని గోడకి తల ఆనించి నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడు. తెల్లటి మరుగుదొడ్డి బేసిన్‌లో ఎర్రగా నెత్తురు. "నాన్నకి ఏమైంది మామయ్యా? చచ్చిపోతాడా?" అని అడిగింది. అదేం లేదు, వేడి చేసి ఉంటుంది అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది. పిల్ల నా మొహం వంక చూసి, నమ్మనట్టే, వెళ్లిపోయింది. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. 

మర్నాడు ఆయన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఇంట్లో అడిగితే అక్క వింటుంది. వాకీటాకీలో అడిగితే సైటంతా వింటుంది. ఇక మిగిలింది ఆ నూట తొంభై ఆరు మెట్లు. మధ్యాహ్నం విరామం గంట కొట్టగానే నడుముకి బెల్టు బిగించుకుని, భుజానికి ఒక నీళ్ల సీసా తగిలించుకుని ఎక్కడం మొదలెట్టాను. నలభయ్యో మెట్టు దగ్గర కిందికి చూశాను, చూడకుండా ఉండాల్సింది. నిచ్చెనని కావలించుకుని కళ్లు మూసుకున్నాను. కింద ఎవడో ఈల వేశాడు. అక్క పసుపూ కుంకుమా గుర్తొచ్చాయి, మేనకోడలు గుర్తొచ్చింది, మళ్లీ ఎక్కాను.

క్యాబిన్ తలుపు తోసేసరికి బావ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, ఒక పిర్ర మీదే బరువంతా వేసి కూర్చుని ఉన్నాడు. అడుగున తువ్వాలు చుట్టలా చుట్టి పెట్టుకున్నాడు. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"నువ్వెందుకొచ్చావురా ఇక్కడికి?"

"నీళ్లిద్దామని." సీసా మూత తీసి చేతికిచ్చాను. రెండో చెయ్యి తలుపుని వదల్లేదు, సగం నీళ్లు ఆయన మోకాళ్ల మీదే పడ్డాయి. "పిల్ల చెప్పింది బావా."

ఆయన మొహం తిప్పుకుని అద్దంలోంచి బయటికి చూశాడు. ఆ గాలికి క్యాబిన్ అటూ ఇటూ ఊగుతోంది, నేను తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాను. తర్వాత మెల్లగా మొదలెట్టాడు.

"మూడు నెలలైందిరా. దొడ్డికి వెళ్తే బ్లేడు పెట్టి కోసినట్టుంటుంది. అదైతే ఐదు నిమిషాలు, ఓర్చుకుంటా. తర్వాత మొదలవుతుంది అసలుది. రెండు గంటలు, మూడు గంటలు ఒకటే మంట, లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు. ఆ కట్ట ఊగిన రోజు ఆ మంటలోనే ఉన్నా. నిన్ను చంపేసేవాణ్ణి."

"చంపలేదుగా. డాక్టరుకి చూపించావా?"

"మందుల కొట్లో మూలవ్యాధికి మందివ్వమని అడిగి తెచ్చుకున్నా. మూడు ట్యూబులైపోయినయ్యి. వెళ్లాలంటేనే భయం, అందుకే తినడం మానేశా. తినకపోతే వెళ్లక్కర్లేదు కదా."

ఇంత తెలివైనవాడికి మా అక్కని ఎలా ఇచ్చామా అని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

"ఇవాళే వెళ్దాం పద. ఎందుకింత నానబెట్టావు?"

"ఏం చెప్తారోనని." ఆయన అడుగున తువ్వాలు సర్దుకున్నాడు. "మా నాన్నకీ ఇలాగే మొదలైందిరా."

వాళ్ల నాన్న ఒక అచ్చుయంత్రం దగ్గర పనిచేసేవాడని, బావ చిన్నతనంలోనే పోయాడని మాత్రం నాకు తెలుసు. మిగతాది ఆ రోజు ఆ గాలిలో విన్నాను. బావకి అప్పుడు పదహారేళ్లు. ఒక రోజు పొద్దున మరుగుదొడ్లో నెత్తురు చూశాడు. వాళ్ల నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, అమ్మకి చెప్పకురా, కంగారుపడుతుంది అన్నాడు. ఈయన చెప్పలేదు. ఎనిమిది నెలలు చెప్పలేదు. ఎనిమిదో నెలలో వాళ్ల నాన్నని ఇద్దరు మోసుకుని ఆసుపత్రికి తీసుకెళితే పేగులో క్యాన్సర్, పాకిపోయింది, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు.

"నేను చెప్పి ఉంటే బతికేవాడు. అమ్మకి ఇప్పటికీ తెలీదు నాకు ముందే తెలుసని. ఆవిడ మొహం చూసినప్పుడల్లా..." అని ఆగిపోయాడు. తర్వాత అన్నాడు, "నిన్న నా కూతురికి నేను అదే మాట చెప్పానురా. అమ్మకి చెప్పకు అని. నా నోట్లోంచే వచ్చింది. గొంతు కూడా మా నాన్నదే."

మా ఇద్దరికీ ఏడుపొచ్చింది. అరవై మీటర్ల ఎత్తున ఇద్దరు మగాళ్లం, ఒకడు కూర్చోలేక, ఒకడు నిలబడలేక. కింద విరామం అయిపోయినట్టు గంట కొట్టారు.

ఇక్కడి దాకా నేను బాగానే చేశానని ఇప్పటికీ అంటాను. తర్వాత చేసిందే గాడిద పని. ఆసుపత్రి అంటే ఆయన కాలు కదపలేదు. అక్కడికెళితే క్యాన్సర్ అంటారు, నాన్నకి అన్నట్టే అంటారు, నేను రాను అన్నాడు. సరే, బస్సులోంచి రోజూ చూసే బోర్డు ఒకటి నాకు గుర్తొచ్చింది. ఆపరేషన్ లేదు, నొప్పి లేదు, మూడు రోజుల్లో మూలవ్యాధి మాయం. మెట్ల కింద ఒక గది, ఒక కర్టెన్, మెడలో స్టెతస్కోపు వేసుకున్న ఒక లావుపాటి మనిషి. నెత్తురు పడుతోందా అనడిగాడు, అవునన్నాం. మూలవ్యాధే అన్నాడు. చూడలేదు. ఒక్క క్షణం కూడా చూడలేదు. నల్లటి పూత ఒకటి ఇచ్చి రాత్రి పడుకునే ముందు రాయమన్నాడు, మంట పుడితే పనిచేస్తున్నట్టే అన్నాడు.

మంట పుట్టడం కాదు, అంటుకుంది. మర్నాడు పొద్దున ఆయన మంచం మీద బోర్లా పడుకుని దిండు కొరుకుతుంటే అక్క నాకు ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి ఆవిడకి నెత్తురు సంగతీ పూత సంగతీ తెలిసిపోయి ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ చేతిలో ఆ నల్ల సీసా ఉంది, అది నా మీదికి విసురుతుందేమో అని గుమ్మంలోనే ఆగాను.

"ఇల్లు కడితే పునాది పరీక్ష చేయిస్తారు కదరా మీరు? మట్టి తీసుకెళ్లి ల్యాబులో ఇస్తారు కదా? మీ బావ ఒళ్లు మట్టికంటే తీసిపోయిందా?"

 అత్తయ్య తన గది గుమ్మంలో నిలబడి ఉంది. కొడుకు చొక్కా తెచ్చి కోడలి చేతికిచ్చింది అంతే.

పెద్దాసుపత్రిలో వరసలో రెండు గంటలు నిలబడ్డాం. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి, ఆయన కూర్చోలేడు కాబట్టి ముగ్గురం నిలబడ్డాం. లోపలికి వెళ్లబోతూ గది తలుపు మీది పేరు చూసి బావ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఆడ డాక్టరు. నేను రాను."

"ఆవిడ చూసేది మీ అందం కాదులెండి, పదండి," అని అక్క భుజం పట్టుకుని తోసింది.

డాక్టరమ్మకి యాభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, విసుగూ లేదు, జాలీ లేదు. ఎప్పటినుంచి, ఎంతసేపు నొప్పి, నెత్తురు ఏ రంగు, విడిగా చుక్కలు పడుతుందా మలంతో కలిసి వస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకోమంది. నన్ను తెర బయట ఉంచారు. తెర కింద నాకు ఆయన పాదాలు కనపడుతున్నాయి. పాదాలు కూడా భయపడతాయని ఆ రోజే చూశాను, వేళ్లన్నీ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

"లోపల వేలు పెట్టను, ఇవాళ మీరు తట్టుకోలేరు. ఊరికే చూస్తాను." అర నిమిషం. "ఇదిగో. చీలిక. ఫిషర్ అంటాం. మూలవ్యాధి కాదు."

మూడు నెలలు ఆయన మోసింది ఆవిడ అర నిమిషంలో చూసింది. బల్ల దగ్గర కూర్చుని, కాగితం మీద ఒక గుండ్రం గీసి, దాని అంచున చిన్న గీత గీసింది. గట్టిపడ్డ మలం వచ్చినప్పుడు అక్కడి చర్మం చిట్లింది. చిట్లితే నొప్పి, నొప్పికి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే దానికి రక్తం అందదు, అందకపోతే మానదు. మళ్లీ గట్టిగా వస్తే మళ్లీ చిట్లుతుంది. మీరు తినడం మానేసి దాన్ని ఇంకా గట్టిపరిచారు, పైగా ఆ నల్ల పూతతో చర్మం కాల్చుకున్నారు అంది.

"నీళ్లు ఎన్ని తాగుతారు రోజుకి?"

 నేనే చెప్పాను. క్రేను సంగతి, మెట్ల సంగతి, ఒంటె సంగతి. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఒంటె కాదు ఈయన. మనిషి," అంది. మళ్లీ కాగితం చూసుకుని, "ఇంట్లో ఎవరికైనా పేగు జబ్బు?"

 అక్క నా వంక చూసింది. మామగారు ఏ జబ్బుతో పోయారో అక్కకి ఎవరూ చెప్పలేదు. బావ నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"మా నాన్నకి. క్యాన్సర్."

"ఎన్నేళ్లప్పుడు?"

"నలభై ఆరు."

"మీకు?"

"నలభై రెండు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చూడండి, ఈ నొప్పికి కారణం ఆ చీలికే, నా కళ్లతో చూశాను. చీలిక క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ లోపల ఏముందో చూడకుండా ఏమీ లేదని చెప్పను. మీ నాన్నగారిది విన్నాక అసలు చెప్పను. ముందు ఇది మాననివ్వండి. తర్వాత కెమెరాతో పేగంతా చూద్దాం."

సగం ఊపిరి అక్కడ పీల్చుకున్నాం. మిగతా సగం బిగపట్టుకునే ఇంటికొచ్చాం.

కండరాన్ని వదులు చేసే పూతమందు రోజుకి రెండుసార్లు. ఆ మందుకి తల తిరిగినా తలనొప్పి వచ్చినా క్రేను ఎక్కొద్దని గట్టిగా చెప్పింది, అందుకే రెండు వారాలు సెలవు. నీళ్లలో కలుపుకుని తాగే పీచు పొడి. పళ్లూ కూరలూ. దొడ్డికి వస్తే ఆపుకోకూడదు, వెళ్లాక ముక్కకూడదు, గంటలు గంటలు కూర్చోకూడదు. దానికి ముందూ వెనకా పావుగంట గోరువెచ్చని నీళ్లలో కూర్చోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు చూద్దాం, మానకపోతే చిన్న ఆపరేషన్ ఉంది, దానికీ భయపడక్కర్లేదు అంది.

కూర్చోవడానికి తొట్టి ఏదని వెతికితే అటక మీద మా మేనకోడలిని పసిపాపప్పుడు స్నానం చేయించిన ప్లాస్టిక్ తొట్టి దొరికింది. చుట్టూ పసుపు పచ్చ బాతు బొమ్మలు. అరవై మీటర్ల ఎత్తున రెండు టన్నులు ఆడించే మనిషి అందులో మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చునేవాడు. నేను తలుపు బయట నిలబడి "ఎత్తు, దించు" అనేవాణ్ణి. లోపలినుంచి చెంబు తలుపుకి తగిలేది. అలా నవ్వించాలని చూసేవాణ్ణి గానీ, మొదటి రెండు వారాలు నొప్పి పెద్దగా తగ్గలేదు. పొద్దున ఆయన లోపలికి వెళితే అక్క, పిల్ల, అత్తయ్య ముగ్గురూ వసారాలో ఏదో పనున్నట్టు తిరిగేవాళ్లు. పని ఏమీ ఉండేది కాదు. బయటికొచ్చాక ఆయన మొహం చూసి మళ్లీ మొహాలు దించుకునేవాళ్లు. ఒకరోజు ఆయన నాతో అన్నాడు, "చీలిక అని ఆవిడంది సరే. లోపల ఇంకేదో ఉండబట్టే ఇది మానట్లేదేమోరా." ఆ మాట విన్నాక నాకూ తిండి సహించలేదు.

మూడో వారం డ్యూటీకి వచ్చాడు. భుజాన రెండు లీటర్ల నీళ్ల సీసా. పదిన్నరకి ఛానెల్లో ఆయన గొంతు వినపడింది.

"లోడు దించాను. దిగుతున్నా."

కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. సైటు ఇంజనీరు చేతిలోని రేడియో నోట్లో పెట్టుకుంటాడేమో అన్నట్టు అరిచాడు. "ఎందుకు దిగుతున్నావు? కాంక్రీటు గడ్డకడుతుంది!"

పైన జవాబు లేదు. నూట తొంభై ఆరు మెట్లు దిగుతున్నవాడు రేడియో ఎత్తడు. పని చేసేవాళ్లంతా తల పైకెత్తి చూశారు. ఒంటె దిగుతోందిరోయ్ అని ఎవడో కేక వేశాడు, పదిమంది నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"గడ్డకడితే కట్టనీ సార్," అన్నాను ఛానెల్లోనే, అందరూ వినేలా. "ఆయన కడుపులో గడ్డకట్టి మూడు నెలలు నెత్తురు కారింది. ఆ నొప్పిలోనే చువ్వల కట్ట నా తల మీదికొచ్చింది. దొడ్డికెళ్లడానికి మనిషి దిగితే ఆగలేని ఇల్లు కట్టకపోతే ఏం?"

 బావ కిందికొచ్చాక నా పక్కనుంచి వెళుతూ, "సైటంతటికీ చెప్పావు కదరా సచ్చినోడా," అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఆ మధ్యాహ్నం రెండో క్రేను మీది ముసలాయన, ముప్పై ఏళ్ల సర్వీసు, ఆయనా దిగాడు. దిగి నా దగ్గరికొచ్చి ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని చెవిలో అడిగాడు. తర్వాత క్రేను మీదివాళ్లు దిగినప్పుడు వాళ్ల బదులు ఇంకో మనిషి ఎక్కేలా ఏర్పాటు చేయించడానికి రెండు నెలలు పోట్లాడాం.

ఏడో వారంలో ఒక పొద్దున బావ బాత్‌రూంలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఏం లేదు," అన్నాడు. "ఏం లేదంటే ఏమిటండీ?" అని అక్క హడలిపోయింది. "నొప్పి లేదే. ఏమీ లేదు." అక్క అక్కడే నేల మీద కూర్చుని పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కెమెరా పరీక్ష మాత్రం మిగిలింది. దాని ముందు రోజంతా కడుపు ఖాళీ చేసే మందు తాగించారు. ఆయన నలభై రెండేళ్లలో ఎప్పుడూ అన్ని నీళ్లు తాగి ఉండడు. మర్నాడు స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే నా చెయ్యి పట్టుకుని, "ఏదైనా ఉంటే ముందు అమ్మకి చెప్పు," అన్నాడు. ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. తలుపు మూసుకుంది. అక్కా నేనూ గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాం. ముప్పావుగంట. నేను మొక్కని దేవుడు లేడు.

డాక్టరమ్మే బయటికొచ్చింది. "చీలిక పూర్తిగా మానింది. లోపల క్యాన్సర్ లేదు." అక్క చేతులు జోడించింది. "ఆగండి. ఒక బుడిపె ఉంది, మిరియపు గింజంత. తీసేసి పరీక్షకి పంపాను."

ఆ వారం రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే చెప్పలేను. ఫలితం తెచ్చుకోవడానికి నలుగురం వెళ్లాం, పిల్లని కూడా తీసుకెళ్లాం. బుడిపెలో ప్రమాదమేమీ లేదు. అయితే వదిలేస్తే ఏళ్ల తర్వాత చెడ్డదిగా మారగలిగిన రకం. ఇక అయిదేళ్లకొకసారి చూపించుకుంటే చాలు. ఆ చీలిక అంత నొప్పి పెట్టబట్టి వచ్చారు, ఈ బుడిపెకి నొప్పి ఉండదు, దీనికోసమైతే మీరు వచ్చేవాళ్లు కాదు అందావిడ. బావ కూతురి తల మీద చెయ్యి వేశాడు. "ఇది చెప్పబట్టి వచ్చానండీ," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య ఆరేసిన బట్టలు తెచ్చి మంచం మీద పోసి మడతపెడుతోంది. బావ చెప్పులు విడిచి నేరుగా వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. బాగా, రెండు పిర్రల మీదా, నిటారుగా కూర్చున్నాడు.

"ఏం లేదమ్మా. అంతా బాగుంది."

ఆవిడ తలాడించింది. చేతులు ఆగలేదు.

"అమ్మా, నీకో మాట చెప్పాలి. నాన్నకి నెత్తురు పడుతున్నప్పుడు నేను చూశాను. ఎనిమిది నెలల ముందే చూశాను. నీకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. చెప్పి ఉంటే నాన్న..."

అత్తయ్య చేతిలో చొక్కా ఒకటి ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"ఆయన బట్టలు ఉతికింది ఎవరనుకున్నావురా?"

బావ తలెత్తి చూశాడు.

"నీకంటే ముందే తెలుసు నాకు. పద ఆసుపత్రికి పోదామని కాళ్లావేళ్లా పడ్డా. వినలేదు. వాడికి చెప్పకు, పరీక్షలున్నాయి అన్నారు. చెప్పలేదు."

పక్క గదిలో పిల్ల ఏదో చదువుతున్న గొంతు ఆగిపోయింది. బావ ఆవిడ మోకాలు పట్టుకున్నాడు.

"మరి నా సంగతి?"

"నీ బట్టలు నువ్వే ఉతుక్కుంటున్నావని కోడలు తమ్ముడితో అంటుంటే విన్న రోజే తెలిసింది."

"నన్ను అడగొచ్చు కదమ్మా."

"అడుగుదామని నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను, ఎన్నిసార్లో. అవునంటావని భయమేసిందిరా నాన్నా."

ఆవిడ ఒళ్లో చొక్కా అప్పటికే మడతపెట్టి ఉంది. దాన్ని విప్పి మళ్లీ మొదటినుంచి మడతపెట్టడం మొదలెట్టింది.